గుట్ట మీద నేను చదవని అక్షరాలు

అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను భుజాన వేసుకుని మంద వెంట నడిచినవాళ్లకు ఒక సంగతి తెలుసు. ఎత్తుకున్నప్పుడు దానికి బరువే ఉండదు. పొద్దెక్కేకొద్దీ, దారి సాగేకొద్దీ, అదే పిల్ల భుజాన్ని కిందికి గుంజుతుంది. నేను ఒక అబద్ధాన్ని అట్లా మోస్తున్నాను. ఎత్తుకున్న రోజు అది ఒక్క మాట. ఇన్నేళ్లకు మెడ తిప్పనివ్వడం లేదు. నా ఇంటిదానికి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, అందుకు.

ముందే ఒక మాట. నేను ఏడ్చుకుంటూ రాసే మనిషిని కాను. నాకు నా మీద గర్వం ఉంది. యాభై దాటిన తర్వాత అక్షరం నేర్చుకున్నాను. ఈ కాగితం మీద ప్రతి గీతా నా చేతిదే. నా తప్పు కూడా ఆ గర్వంలోంచే పుట్టింది. గర్వాన్ని దాచి తప్పును మాత్రమే చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. అందుకని రెండూ చెబుతాను.

మాది మక్తల్ అవతల. చెలకలు, గుట్టలు, నడుమ కంపచెట్లు. మా ఇంట్లో తాతల కాలం నుంచి గొర్లే. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా ఊరి బడి వరండాలో పెద్దవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లందరూ ఆడవాళ్లే. మగవాణ్ణి నేనొక్కణ్ణే. మా వాళ్లు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను.

ఆ వరండాలో నా పక్కన కూర్చునే మనిషి శాంతమ్మ. ఆమె అసలు పేరు అది కాదు, మార్చాను. కూలికి పోయే మనిషి. బైబిల్‌ను తన కళ్లతో తాను చదువుకోవాలని, చచ్చేలోపు ఆ ఒక్క పని చేయాలని ఆమె పట్టు. మా అందరికంటే ముందు చదువు వచ్చింది ఆమెకే. నాకు వత్తులు మరచిపోయే అలవాటు. పలక మీద గొర్రె అని రాయబోయి కింద వత్తు వదిలేస్తే, "అన్నా, గొర్రెకు తోక కోసినవ్" అని నవ్వి, తన వేలితో గీసి చూపించేది. పంతులు చెప్పింది సగం, శాంతమ్మ చెప్పింది సగం. నాకు వచ్చిన చదువు అట్లా వచ్చింది. ఈ మాట ఇప్పుడు రాస్తున్నాను గానీ, ఇదివరకు ఎవరైనా అడిగితే నా అంతట నేనే నేర్చుకున్నానని చెప్పేవాణ్ణి.

ఒక ఎండాకాలం మొదట్లో హైదరాబాద్ నుంచి ముగ్గురు వచ్చారు. ముందు నడిచిన పిల్ల పేరు అనిత అనుకోండి. జడ్చర్ల పిల్ల. వాళ్లు ఒక ఆట కోసం వెబ్‌సైట్ చేశారు. ఆట ఇది: ఒకరు గుట్టలోనో రాళ్లలోనో ఒక చిన్న డబ్బాను దాస్తారు. ఆ జాగా ఎక్కడుందో వెబ్‌సైట్‌లో పెడతారు. ఇంకొకరు ఫోన్ చూసుకుంటూ పోయి దాన్ని వెతకాలి. దొరికితే అందులో ఉన్న కాగితం మీద తమ పేరు రాసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టి రావాలి. జియోకాషింగ్ అంటారట. మొదట నేనూ నవ్వాను. దాచినవాడికి పని లేదు, వెతికేవాడికి అంతకంటే లేదు అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, తప్పిపోయిన గొర్రెను వెతికి పట్టుకున్నప్పుడు కలిగే సంతోషం ఆ పట్నం పిల్లలకు ఇంకెక్కడ దొరుకుతుంది? వాళ్లు దాన్ని డబ్బాలో పెట్టుకున్నారు. తప్పేముంది?

ఆ వెబ్‌సైట్ అంతకుముందు పెద్ద కంప్యూటర్లకే బాగుండేదట. ఇప్పుడు చిన్న ఫోన్లకు సరిపడేలా మార్చారు. ఆఫీసులో కూర్చుని చూస్తే అన్నీ బాగానే ఉంటాయి, ఎండలో, గుట్ట మీద, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట, తక్కువ ధర ఫోన్లో ఎట్లా ఉంటుందో చూడాలి అంది అనిత. అందులోనూ కొత్తగా చదువు నేర్చినవాళ్లు వాడగలగాలి అంది. పంతులు మా ఇద్దరినీ చూపించాడు, శాంతమ్మను, నన్ను. వాడగలిగినవాళ్లలో ఒకరిని గుట్ట మీది డబ్బాలు చూసుకునే పనికి పెట్టుకుంటామని, ఫోన్ కూడా ఇస్తామని చెప్పారు. శాంతమ్మ ముఖం వెలిగింది. మండుటెండలో కలుపు తీసే మనిషికి, నీడ చూసుకుని నడుస్తూ చదువుతో చేసే పని అది. ఆమె ఆశ నాకు కనబడింది. కనబడలేదని చెప్పను.

మొదటి వంతు నాది. పొద్దు నడినెత్తిన ఉంది. ఫోన్ చేతిలో పెట్టారు. నల్లటి బాణం గుర్తు ఒకటి దారి చూపిస్తోంది, అది బాగానే కనబడింది. గుట్ట సగం ఎక్కేసరికి బాణం పిచ్చిపట్టినట్టు అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి కింద రాసి ఉన్న సూచన చదువుకుని వెతకాలి. చదువుదామని చూశాను. తెల్లటి అద్దం మీద బూడిద రంగు అక్షరాలు, పొట్టేలు కంటి మీద పొరలాగా. ఫోన్‌ను దగ్గర పెట్టాను, దూరం పెట్టాను, గొంగడి నీడ పట్టాను. నా తలపాగ కనబడింది, నా మీసం కనబడింది. అక్షరం కనబడలేదు.

ఒక్క అక్షరం కనబడలేదు.

అప్పుడు నేను ఏం చేశానంటే, పుట్టినప్పటి నుంచి చేస్తున్న పని చేశాను. నేలను చూశాను. వంకర గీతల బూటు అడుగు ఒకటి పైకి పోయింది, తిరిగి వచ్చింది. ఆ బూట్లు అనితవి. పోయేటప్పుడు తేలికగా, నిదానంగా. ఒకచోట మునివేళ్లు లోతుగా దిగాయి, అంటే అక్కడ గొంతుకూర్చుంది. పక్కన ఒక రాయికి మట్టి అంటిన పక్క పైకి ఉంది. ఎండ ఎరగని పక్క పైకి వచ్చిందంటే ఎవరో తిప్పినట్టే. ఆ రాయి చుట్టూ చీమలు గుడ్లు మోసుకుని కంగారుగా తిరుగుతున్నాయి. వాటి ఇల్లు కూలి గంటయినా కాలేదు. రాయి తీశాను. కింద స్టీలు డబ్బా.

మీకు ఒకటి చెప్పనా? ఆ పని తలుచుకుంటే ఈ రోజుకూ నా ఛాతీ పొంగుతుంది. పట్నం నుంచి వచ్చిన ముగ్గురిలో ఎవరూ ఆ నేలను అట్లా చదవలేరు. నేను చదివాను. కాగితం మీద నా పేరు రాశాను, వత్తుతో సహా. కిందికి దిగి వచ్చేసరికి వాళ్లు చప్పట్లు కొట్టారు, ఫోన్ పట్టుకుని నిలబడమని ఫోటో తీశారు. సూచన చదివిండ్రా తాతా, అక్షరాలు కనబడినయా అని అనిత అడిగింది.

సక్కగ కనబడినయి బిడ్డా అన్నాను.

ఎందుకన్నాను? పని పోతుందన్న భయమా? కాదు. నాకు గొర్లున్నాయి. ఆమె చిన్నబుచ్చుకుంటుందనా? అదీ కాదు. అడుగుజాడ చూసి పట్టుకున్నానంటే అది చదువురానివాడి విద్య అనుకుంటారని. ఆ రోజు నేను చదువుకున్నవాణ్ణి అనిపించుకోవాలి. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడంటారు. నాకు వచ్చిన ఐశ్వర్యం యాభై ఆరు అక్షరాలు. గొడుగు పట్టుకున్నాను. నాకు నిజంగా ఉన్న విద్యను దొంగసొమ్ములాగా దాచి, లేనిదాన్ని నలుగురిలో ప్రదర్శించాను. ఇంతవరకైతే నా ఒక్కడి సిగ్గు. దాన్ని మోయడానికి ఇంత కష్టం లేదు.

తర్వాత శాంతమ్మ వంతు. గుట్టకు అవతలి పక్క ఇంకో డబ్బా. ఆమె చాలాసేపు రాలేదు. వచ్చేసరికి చేతుల మీద కంప గీరిన గీతలు. డబ్బా లేదు. ఆమె తడబడలేదు, ఎండలో అక్షరాలు కనబడడం లేదని అందరి ముందూ చెప్పింది. నీడకు తెచ్చి చూపిస్తే చదువుతానని కూడా అంది. అనితతో వచ్చిన అబ్బాయి, తాత చదివాడు కదమ్మా అన్నాడు. వాడి తప్పు లేదు. నేను చెప్పిందే వాడు చెప్పాడు.

శాంతమ్మ నా వైపు తిరిగింది.

"అన్నా, నిజం జెప్పు. నీకు కనవడ్డయా?"

"కనవడ్డయి."

"గింత ఎండల?"

"ఎండనేమంటవ్ చెల్లె. సదువు గట్టిగుండాలె."

ఆమె నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే నాకు తిరిగి కోపమైనా వచ్చేది. చూసి, ఫోన్‌ను కొంగుతో తుడిచి అనితకు ఇచ్చింది.

"గట్లనే గావచ్చు తియ్యన్నా" అంది.

నాకు వత్తులు నేర్పిన మనిషితో నేను అన్న మాట అది. కనబడ్డాయన్న అబద్ధం ఒకటి. దాని మీద ఈ రెండోది ఎవరు అడిగారు? ఎవరూ అడగలేదు. అప్పుడైనా, బిడ్డా, నేను జాడ పట్టి పోయిన, అక్షరాలు కనవడలే అని ఉంటే? అనిత నన్ను ఇంకా ఎక్కువ మెచ్చుకునేది. శాంతమ్మ మాట నిలబడేది. అక్షరాలను ఆ వారమే పెద్దవి చేసేవాళ్లు. ఒక్క మాటకు ముగ్గురం గెలిచేవాళ్లం. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది కూడా. వచ్చినదాన్ని మింగాను.

పని నాకు ఇచ్చారు. శాంతమ్మ మర్నాటి నుంచి వరండాకు రాలేదు. కోతలున్నాయంది, తర్వాత పత్తి ఏరేదుందంది. నేను ఆ పనిని బాగా చేశాను, అది కూడా చెప్పాలి. గుట్ట మీద ఒక్క డబ్బా పోలేదు. ఆత్మకూర్ నుంచి, ఇంకా దూరం నుంచి పిల్లలు వస్తే దారి చూపించాను. వెబ్‌సైట్‌లో నా ఫోటో పెట్టారు, కొత్తగా చదువు నేర్చిన తాత చదువుతున్నాడని. కొన్నాళ్లకు అనిత ఫోన్ చేసింది. వేరే ఊళ్లలో పెద్దవాళ్లెవరికీ ఎండలో అక్షరాలు కనబడలేదట, ఇప్పుడు నల్లగా, పెద్దగా మార్చామంది. నీవొక్కడివే చదివినవు తాతా, ఏం కండ్లు నీవి అని నవ్వింది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టిన తర్వాత చాలాసేపు గొర్ల నడుమ కూర్చున్నాను. గొర్లు ఏమీ అడగవు.

మరి అప్పుడు శాంతమ్మ దగ్గరికి ఎందుకు పోలేదు? అడగండి. నేనూ నన్ను అడుగుతూనే ఉన్నాను. రేపు అనుకున్నాను. రేపటికి ఏ లోటూ లేదు, వస్తూనే ఉంటుంది.

మొన్న క్రిస్మస్‌కు వాళ్లింటికి పిలిచారు. తిని, చెయ్యి కడుక్కుని కూర్చున్నాను. గూట్లో బైబిల్ ఉంది, పసుపు గుడ్డలో చుట్టి, ముడి వేసి. చదువుతున్నావా చెల్లె అన్నాను, మాటవరసకు. ఆమె చేతిలో పని ఆపకుండానే చెప్పింది, నాకు చదువు ఏడ వచ్చిందన్నా, గుట్ట మీద నువ్వే చూసినవు కదా అని. అందులో ఎత్తిపొడుపు లేదు. నేను వెతికాను, లేదు. ఆమె నా మాటను నమ్మింది. ఎండలో అక్షరాలు అందరికీ కనబడ్డాయని, తన చదువే గట్టిది కాదని నమ్మి, వచ్చిన చదువును తానే ముడి వేసి గూట్లో పెట్టింది. అబద్ధమాడానని ఆమెకు తెలిసి, నన్ను మనసులో తిడుతూ ఉంటుందని ఇన్నేళ్లూ అనుకున్నాను. అట్లా అనుకోవడమే నా ధైర్యమని ఆ రోజు తెలిసింది. తిట్టించుకోవడానికి సిద్ధపడ్డాను గానీ, నమ్మించినందుకు ఏం చేయాలో నాకు తెలియదు.

అందుకే రాస్తున్నాను. నోటితో చెబితే ఏదో ఒకటి కలుపుతాను, నా నోటి సంగతి నాకు తెలుసు. పేరు పెట్టడం లేదు. నా పరువు కోసం కాదు, ఆమెను మళ్లీ నలుగురి నోళ్లలో పడేయడం ఇష్టం లేక. ఇది పత్రికలో అచ్చయితే ఆ కాగితం తీసుకుని ఆమె ఇంటికి పోతాను. చదివి వినిపించను. చేతికి ఇస్తాను. ఆమె చదవగలదు. నాకు తెలిసినంత గట్టిగా ఇంకెవరికీ తెలియదు. చదివి మొహాన కొట్టవచ్చు. చదవకుండా పొయ్యిలో పెట్టవచ్చు. మాఫీ అడగను. అడిగితే ఆమె సరే అంటుంది, అంత మంచిది. ఆ మంచితనాన్ని ఇంకోసారి వాడుకోను.

చెల్లె, ఆ ఎండలో నాకు ఒక్క అక్షరం కనబడలేదు. జాడ పట్టి పోయి డబ్బా తీసిన. నువ్వు చెప్పింది నిజం. నేను చెప్పింది అబద్ధం. తెలిసే చెప్పిన.

ఇంతే రాద్దామని కూర్చున్నాను. రాశాను.