255వ మెట్టు

కొవిడ్ తగ్గిన ఏడాది, ఉగాది వెళ్లిన వారం నన్ను పెనుకొండ నుంచి హిందూపురంలోని పట్టుపురుగు గుడ్ల కోల్డ్ స్టోరేజీకి బదిలీ చేశారు. హోదా ప్లాంట్ ఆపరేటరు, రెండో గ్రేడు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. హెల్పరుగా చేరినవాణ్ణి; ముప్పై ఆరో ఏట ధర్మవరంలో వయోజన బడికి పోయి అక్షరాలు దిద్దాను. లాగ్‌బుక్ రాసే పని నాకు వచ్చింది దాంతోనే. అందుకే ఆ పుస్తకమంటే నాకు కాస్త ఎక్కువ మర్యాద.

గుడ్లను అయిదు డిగ్రీల చలిలో ఉంచితే లోపలి పిండం ఎదగకుండా ఆగి ఉంటుంది. రైతుకు మల్బరీ ఆకు సిద్ధమయ్యాక తీసి ఇస్తాం. మధ్యలో వెచ్చబడితే పిండం కదులుతుంది. మళ్లీ చల్లబరిస్తే కొన్ని చస్తాయి, మిగిలినవాటిలో పురుగులు ఒక్కోటి ఒక్కో రోజు బయటికొస్తాయి. అలాంటి గుడ్లతో పంట తీయలేరు.

అక్కడ చలిని కంప్యూటరు నడిపేది. కంప్రెసరుకు సున్నా నుంచి మూడు దాకా మెట్లు: సున్నా అంటే ఆగింది, మూడంటే పూర్తి జోరు. కంప్యూటరుకూ కంప్రెసరుకూ మధ్య మాట మోసే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. ఏ మెట్టులో ఉన్నావని అది కంప్రెసరును అడుగుతుంది, చలి చాలకపోతే పై మెట్టుకు పొమ్మంటుంది.

ఒకరోజు పొద్దున పది గంటలప్పుడు కరెంటు పోయి వచ్చింది. తెరమీద మెట్టు 255 అని పడింది. గోడకు అంటించిన కాగితంలో మూడు దాటి మెట్టే లేదు. సూపర్‌వైజరును అడుగుదామని లేచి, మళ్లీ కూర్చున్నాను. నడివయసులో చదువు నేర్చినవాడికి అంకెలు కూడా రావంటారేమోనని. కొత్త యంత్రం, ఏదో పెద్ద మెట్టు అయి ఉంటుందనుకుని పుస్తకంలో గుండ్రంగా 255 అని రాశాను. గంటగంటకూ అదే రాశాను. పక్కన ఉష్ణోగ్రత ఆరు, ఎనిమిది, పది. కరెంటు పోయాక కొంత పెరగడం మామూలే, దిగుతుందిలే అనుకున్నాను. లోపలి ఫ్యాన్లది వేరే లైను, కంప్రెసరు ఆగినా అవి తిరుగుతాయి; ఆ చప్పుడు వింటూ అంతా నడుస్తోందనుకున్నాను. అన్నేళ్లు గంటకోసారి గదిలోని చలి పైపు మీద చెయ్యి పెట్టి చూసినవాణ్ణి ఆ రోజు కుర్చీ వదల్లేదు.

రెండు గంటలకు రొద్దం నుంచి రామక్క గుడ్ల కోసం వచ్చింది. మొగుడు లేడు, ఎకరన్నర మల్బరీ మీదే బతుకు.

"ఏమన్నా, గుడ్లిస్తాండావా లేదా? ఆకు ముదిరిపోతాండాది. నేను ముదిరింది చాలదా?" అంది.

నవ్వుతూ పోయి గది తలుపు తీశాను. ముఖానికి రోజూ తగిలే చలి తగల్లేదు. పైపు మీది మంచు కరిగి నేలంతా నీళ్లు.

"యాడన్నా సలి? మా ఇంట్లో కుండే దీనికంటే సల్లగుంటాది" అంది రామక్క వెనకనుంచి.

చేత్తో స్విచ్చి వేసి కంప్రెసరు నడిపాను. అప్పటికే ఆలస్యమైంది. ఆ గదిలోని గుడ్లు ఎవరికీ ఇవ్వొద్దని అధికారి ఆపేశారు. కొత్తవి మూడు వారాలకు గానీ రావు. ఆ మాట రామక్కకు నేనే చెప్పాను. ఆమె టేబులు మీది పుస్తకం చూసింది.

"నాకు సదువు రాదు. ఇంత సక్కంగా రాసినావే, ఒక్కసారి లోపలికి పొయ్యి చెయ్యి పెట్టలేకపోతివా?"

ఆమె తోటలో ముదిరిపోయిన ఆకును చివరికి గొర్రెలు మేశాయి.

రెండు రోజులకు డ్రైవర్ రాసిన ఇంజనీరు శారద వచ్చింది. ధర్మవరం మగ్గాలవాళ్ల బిడ్డ. కంప్రెసరు నుంచి జవాబు తెచ్చే వైరు వదులైందని పట్టుకుంది. జవాబు రాకపోతే కంప్యూటరు బోర్డు దాన్ని 255గా చదువుకుంటుందట. మూడు కంటే పెద్దది కాబట్టి కంప్రెసరు పూర్తి జోరులోనే ఉంది, ఇక చెప్పాల్సిందేమీ లేదని డ్రైవర్ ఊరుకుంది. నిజానికి కరెంటు వచ్చినప్పటి నుంచి కంప్రెసరు ఆగే ఉంది.

"తప్పు నాదే పెదనాయనా. లేని మెట్టు వస్తే ఏం చెయ్యాల్నో నేను రాయలేదు" అంది.

నాదీ ఉందన్నాను. చలి చూపే మీటరు పాడైతే వెనకటి రోజుల్లో ఏం చేసేవాళ్లని అడిగింది. పది నిమిషాలు నడిపి, పది నిమిషాలు ఆపి, ఈలోగా మెకానిక్కు కబురు పంపేవాళ్లమని చెప్పాను. డ్రైవర్‌లో అదే రాసింది: సున్నా నుంచి మూడు వరకు కాక వేరే ఏ అంకె వచ్చినా నమ్మకూడదు, కంప్రెసరును పదేసి నిమిషాలు నడుపుతూ, ఆపుతూ, గంట కొట్టాలి, తెరమీద అంకెకు బదులు "తెలియదు" అని చూపాలి.

నేను ఉద్యోగం దిగిపోయేలోగా ఆ గంట రెండుసార్లు మోగింది. రెండుసార్లూ గుడ్లు దక్కాయి. రామక్క మాత్రం మళ్లీ మా దగ్గరికి రాలేదు, గుడ్లకు మడకశిరకు పోయేది.

పట్టికలో లేని అంకె వచ్చిందంటే జవాబు రాలేదని అర్థం. అప్పుడు యంత్రమైనా మనిషైనా తెలియదని చెప్పి, చేతనైనంత నడిపించి, ఇంకొకరిని పిలవాలి. యంత్రానికి ఆ మాట శారద రెండు రోజుల్లో నేర్పింది. నాకు ముందునుంచీ వచ్చు. అనడానికి సిగ్గుపడి, నాలుగు గంటలు అందంగా రాస్తూ కూర్చున్నాను.