ఎర్ర రంగు వేసిన చేతిపంపు

మా గురుగ్రామ్ అపార్టుమెంటు సెల్లారులో నిన్న మంటలార్పే పైపులకు ఎర్ర రంగు వేశారు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే పచ్చి పెయింటు వాసన గుప్పుమంది. నాతో దిగినవాళ్ళు ముక్కు మూసుకుని కార్ల వైపు వెళ్ళిపోయారు. నేను గోడ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన వస్తే నాకు గొంతు ఎండిపోతుంది, కానీ నీళ్ళు తాగబుద్ధి కాదు. నా ఈడు ఆడవాళ్ళు బల్లికీ బొద్దింకకీ భయపడతారు, నేను పెయింటు డబ్బాకు భయపడతాను. మా అమ్మాయి దీని మీద నన్ను ఆట పట్టిస్తూ ఉంటుంది. ఈ భయాన్ని నాకు నేర్పిన మనిషి పేరు సలోమి. నా మొదటి ఉద్యోగంలో ఆవిడ నా పైఅధికారి. భయం నేర్పారంటే నిష్ఠూరంగా వినిపిస్తుందేమో. నిజానికి నా జీవితంలో ఎవరైనా నాకు చేసిన అతి పెద్ద మేలు అదే.

తొంభైల మధ్యలో పెళ్ళి చేసుకుని హన్మకొండ నుంచి ఫరీదాబాద్ వచ్చాను. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో చిన్న ఇంజనీరు ఉద్యోగం దొరికింది. మా పని చెప్పటానికి చాలా సులువు. ప్రతి ఫ్యాక్టరీ తన మురికినీటిని శుద్ధి చేసి, చెప్పిన చోటే వదులుతానని ఒప్పుకుంటే రాష్ట్రం అనుమతి ఇస్తుంది. మాట తప్పితే ఆ అనుమతి పోతుంది. తప్పారో లేదో మేము వెళ్ళి చూసి రావాలి. సలోమి మేడమ్‌ది గుంటూరు వైపు. చెల్లెలు ఢిల్లీలో పెద్దాసుపత్రి నర్సు, ఇద్దరూ సాకేత్‌లో కలిసి ఉండేవారు. పొట్టి మనిషి, గంజి పెట్టిన నూలు చీర, భుజాన గుడ్డసంచి. ఆదివారం చర్చికి వెళ్ళి అందరినీ నమ్మేవారు, సోమవారం నుంచి ఎవరినీ నమ్మేవారు కాదు.

ఆవిడకొక పద్ధతి ఉండేది. ఆ ప్రాంతంలో గడపలో అడుగు పెట్టిన మనిషికి ముందు ట్రేలో మంచినీళ్ళు తెస్తారు, టీ సంగతి తరువాత. మేడమ్ ఫ్యాక్టరీ గదిలో కూర్చోగానే, "మీ బోరు నీళ్ళే తెప్పించండి" అని హిందీలో అడిగేవారు. తెస్తే తాగేవారు కాదు. ఆ గ్లాసును యజమానికీ తనకూ మధ్య బల్ల మీద పెట్టి, అనుమతి షరతుల గురించి తాపీగా మాట్లాడేవారు. మొదట్లో నాకిది చాదస్తంలా కనిపించింది. జీపులో అడిగితే, "నేను నీళ్ళని చూడనమ్మా, ఆ నీళ్ళని అతనెలా చూస్తున్నాడో చూస్తాను. కొందరికి ఆ గ్లాసు పక్కన కూర్చోటమే కష్టం" అన్నారు.

స్కూటరు విడిభాగాలకు క్రోమియం పూత పూసే ఒక ఫ్యాక్టరీకి వెళ్ళేనాటికి నేను అయిదో నెల కడుపుతో ఉన్నాను. యజమాని మంచి మర్యాదస్తుడు. మేడమ్ బోరు నీళ్ళు అడగగానే, "అరే మేడమ్‌జీ, యే తో ఖారా హై, ఉప్పగా ఉంటాయి, మీకు పడవు" అంటూ బజారుకు మనిషిని పంపి సీసా నీళ్ళు తెప్పించాడు. మేడమ్ సీసా మూత కూడా తియ్యకుండా లేచారు. వెనక వైపు ఉన్న శుద్ధి తొట్టి దగ్గరికి వెళ్ళి నన్ను లోపలికి చూడమన్నారు.

"ఏం కనిపిస్తోందమ్మా?"

"ఏం లేదు మేడమ్. తొట్టి ఎండిపోయున్నది. సాలెపురుగు గూడు కట్టింది."

"లోపల పని నడుస్తోందా?"

"మస్తు నడుస్తున్నది."

"మరి వాడిన నీళ్ళేవీ? వీధి కాలవ చూశావుగా, పొడిగా ఉంది. మురుగు కళ్ళకి కనబడితే నాకు సగమే భయం. కనబడకపోతేనే ఒళ్ళంతా భయం."

షెడ్డు వెనక గోనెసంచుల కుప్ప ఉంది. దాన్ని జరిపిస్తే కింద పాత బోరు గొట్టం బయటపడింది. రబ్బరు పైపు ఒకటి నేరుగా దాని నోట్లోకి దిగి ఉంది. గొట్టం అంచు చుట్టూ పసుపు రాసినట్టు క్రోమియం మరక. నేను వంగి చెవి పెట్టాను. ఎక్కడో చాలా లోతున నీళ్ళు పడుతున్న చప్పుడు, ఎవరో కింద కూర్చుని నింపాదిగా కుండ నింపుకుంటున్నట్టు. ఇప్పటికీ నిద్ర పట్టని రాత్రుల్లో ఆ చప్పుడు నాకు వినబడుతుంది.

మేడమ్ నా వైపు తిరిగారు. "నువ్వుండేది ఎక్కడన్నావ్?"

నేను ప్రహరీ గోడ మీదుగా వేలు చూపించాను. మా మిద్దె మీద ఆరేసిన నా చీర అక్కణ్ణుంచి కనబడుతోంది. ఆవిడ ఆ చీర వైపు చూశారు, తరువాత నా పొట్ట వైపు చూశారు.

"ఏ నీళ్ళు తాగుతున్నావమ్మా?"

"మా గల్లీ చేతిపంపువే మేడమ్. మిగతా పంపులన్నీ ఖారా. అదొక్కటే తియ్యగుంటది."

ఆవిడ ముఖంలో రక్తం లేదు. యజమాని ఏదో చెబుతూనే ఉన్నాడు, బోరు ఎప్పుడో మూసేశామని, పైపు ఎవరో పనివాడు పొరపాటున పెట్టాడని. నాకేమీ వినబడలేదు. ఆ ఉదయం కూడా చెంబెడు తాగి వచ్చాను.

ఆ సాయంత్రమే ఆవిడ నన్ను సాకేత్‌కు తీసుకెళ్ళిపోయారు. మా ఆయనకు ఫోను చేసి, "రిపోర్టు వచ్చేదాకా అమ్మాయి మా ఇంట్లోనే ఉంటుంది బాబూ, నువ్వూ ఆ నీళ్ళు ముట్టుకోకు" అని చెప్పారు. చెల్లెలు నాకు ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేయించింది. మా గల్లీ పంపు నీటి ఫలితం వచ్చింది. క్రోమియం ఉంది, తాగటానికి వీల్లేదు. చూడటానికి మాత్రం అవి తేటగా, అద్దంలాంటి నీళ్ళు. ఫ్యాక్టరీ అనుమతి రద్దయింది, కరెంటు తీసేశారు, గేటుకు సీలు వేశారు. అప్పటిదాకా మా నోటీసులు ఆ యజమానులకు తాటాకు చప్పుళ్ళు. ఈసారి అలా కాలేదని నాకు కాస్త ధైర్యం వచ్చింది. తాగవద్దని తెలిసేలా మా వాళ్ళు ఆ చేతిపంపుకు పైనుంచి కింద దాకా ఎర్ర రంగు వేశారు. గండం గడిచిందనుకుని నేను మా గదికి తిరిగి వచ్చేశాను.

వచ్చిన మర్నాడు పొద్దున పైవాటాలో ఉండే సునీత తలుపు కొట్టింది. నీళ్ళు మొయ్యలేనని నా కోసం ఒక బకెట్టు నింపి తెచ్చింది, మంచి మనసు. "దీదీ, అబ్ తో నల్కా ఠీక్ హో గయా" అంది, పంపు బాగైపోయిందని. ఎవరు చెప్పారని అడిగాను. "చెప్పేదేముంది, సర్కారు వాళ్ళొచ్చి కొత్త రంగు వేసి వెళ్ళారుగా."

ఆ కాలనీలో సర్కారు దేనికైనా రంగు వేసిందంటే అది మరమ్మతు చేశాకే. బడికి అలాగే వేసింది, రేషను దుకాణానికి అలాగే వేసింది. ఎరుపంటే ప్రమాదమని మా ఆఫీసులో అనుకున్నాం, ఆ వీధిలో ఎవరికీ ఆ సంగతి చెప్పలేదు. పరుగులాంటి నడకతో వెళ్ళి చూస్తే పచ్చి పెయింటు వాసన కొడుతున్న పంపు దగ్గర మునుపెన్నడూ లేనంత బారు ఉంది. పక్క గల్లీల వాళ్ళు కూడా బిందెలతో వచ్చారు. వంతు ఆగలేని ఒక చిన్నపిల్ల మధ్యలో దూరి, పంపు ఎర్రటి మూతి కింద దోసిలి పట్టి గటగటా తాగింది. తాగి, తడి చేత్తో నా కొంగు పట్టుకుని నవ్వింది. వద్దు వద్దని అరిచానే గానీ నా హిందీ సగం, నా వణుకు సగం, ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

ఫోను బూత్ నుంచి మేడమ్‌కు చెప్పాను. ఆవిడ వచ్చేసరికి ఎండ ముదిరింది. పంపు తమ ఆస్తి కాబట్టి ఉత్తర్వులు లేకుండా ముట్టుకోవద్దని దాన్ని వేసిన నీటి సరఫరా శాఖ ఇంజనీరు ఫోనులో చెప్పాడట. ఆవిడ విన్నారు, డ్రైవరు దగ్గర పానా తీసుకున్నారు, బారు మధ్యలోంచి వెళ్ళి పంపు పిడి ఊడదీశారు. ఆడవాళ్ళు చుట్టూ మూగారు. "పిల్లలకేం పోయమంటావ్? నీ ఇంట్లో నల్లా ఉంది, నీకేం?" అని సునీతే అందరికన్నా గట్టిగా అడిగింది. మేడమ్ కోప్పడలేదు. పిడిని ఒళ్ళో పెట్టుకుని పంపు గట్టు మీద కూర్చుని, "బహెన్, మీరు అడిగేది న్యాయమే. ట్యాంకరు వచ్చేదాకా నేనూ ఇక్కడే ఉంటాను, నేనూ ఏమీ తాగను" అన్నారు.

నేను పక్కన కూర్చున్నాను.

"మేడమ్, మీకు భయమైతలేదా?"

"అవకపోతే ఇక్కడెందుకు కూర్చుంటానమ్మా? భయం లేనివాళ్ళు రంగు వేసి ఇంటికెళ్ళారు. వాళ్ళని పంపింది నేనే."

ట్యాంకరు సాయంత్రానికి వచ్చింది. ఆ తరువాత రోజూ వచ్చేలా ఆవిడే వెంటపడి సాధించారు. ఉత్తర్వులు లేకుండా పంపు విప్పినందుకు సంజాయిషీ అడిగారు, ప్రమోషను ఆగిపోయింది. ఆవిడ సంజాయిషీ రాసిచ్చారు. నేల కిందికి పోయినదాన్ని వెనక్కి తియ్యటం మీదే పడ్డారు. బోర్లు వేసి విషపు నీళ్ళు పైకి తోడటం, మందు కలిపి క్రోమియాన్ని బురదగా పేరబెట్టటం, ఆ బురదను డ్రమ్ముల్లో మూసి పంపటం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవటం అంటే ఏమిటో నేను అక్కడే చూశాను. లోపలికి పొయ్యటానికి ఒక రబ్బరు పైపు చాలింది. బయటికి తియ్యటానికి ఆవిడ మిగిలిన ఉద్యోగమంతా చాలలేదు. రిటైరైన రోజున కూడా ఫ్యాక్టరీ పక్క బోరులో నీళ్ళు లేత పసుపుగానే వచ్చాయి. ఆవిడ సీసా ఎత్తి వెలుతురులో చూసి, "ఇది నా కాలంలో తెల్లబడదమ్మా" అన్నారు.

మా పాప పుట్టినప్పుడు ఆవిడ ఆసుపత్రికి వచ్చారు. అప్పటికే అందరూ ఏం కాదు, ఏం కాదని నాకు చెప్పి వెళ్ళారు. మా అమ్మ, మా ఆయన, ఆఖరికి ఆయా కూడా. ఆవిడ పాప వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూశారు. "మేడమ్, పాపకేం కాదు గద?" అని అడిగాను. విప్పిన వేళ్ళని మళ్ళీ మూశారు. "నాకు తెలియదమ్మా" అన్నారు. "బాగానే ఉంది. ముందేమిటో నాకు తెలియదు. చూసుకుంటూ ఉందాం." ఆ మాటకు నేను ఏడ్చాను, ఆవిడ మీద కోపం కూడా వచ్చింది. కానీ ఆ రాత్రే, చాలా నెలల తరువాత, కంటినిండా నిద్రపోయాను. నా భయం నాతో పాటు ఇంకొకరు మోస్తున్నారని తెలిసింది. ఆవిడ పోయేదాకా ఏటా పాప పుట్టినరోజుకు ఫోను చేసేవారు. శుభాకాంక్షలకంటే ముందు రక్తపరీక్ష చేయించావా అని అడిగేవారు.

ఆ పాపే ఇప్పుడు కడుపుతో ఉంది, మూడో నెల. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. నిన్న నేను సెల్లారు నుంచి పాలిపోయిన ముఖంతో పైకి వస్తే ఈసారి ఆట పట్టించలేదు. పక్కన కూర్చుని, నేను అప్పుడు తాగిన నీళ్ళ సంగతంతా మళ్ళీ చెప్పించుకుంది. విన్నాక పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "మమ్మీ, ఇసే కుఛ్ నహీఁ హోగా నా?" అని అడిగింది, దీనికేం కాదు కదా అని. ఏం కాదు బిడ్డా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఏ తల్లికైనా వస్తుంది.

"నాకు తెల్వది బిడ్డా" అన్నాను. "పొద్దున డాక్టరు దగ్గరికి పోయి అంతా చెప్పుదాం. నేను గూడ వస్త."

దాని చెయ్యి చల్లగా ఉంది. నాదీ అంతే. నేను వదల్లేదు.