స్కోగెన్ గారి జట్టు మొక్కజొన్న విరిచిన శుక్రవారం

మా ఊళ్ళో ఎవరైనా ఆర్విడ్ స్కోగెన్ గారిని తెలివితక్కువ కోచ్ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన గొప్ప తెలివైన కోచ్ అని నేను అనడం లేదు. అలా అంటే ముందు నేనే నవ్వుతాను. కానీ ఆ మాట అనే హక్కు ఉంటే గింటే పందొమ్మిది వందల యాభైమూడులో ఆయన దగ్గర ఆడిన మా పద్దెనిమిది మందికి ఉండాలి. మాలో ఒక్కడూ ఇంతవరకూ అనలేదు.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మా హెల్మర్ కాలేజీ చాలా చిన్నది. స్కోగెన్ గారు పొద్దున ఆల్జీబ్రా చెప్పేవారు, మధ్యాహ్నం మాకు ఫుట్‌బాల్ నేర్పేవారు, ఆదివారం చర్చిలో శ్రుతితో సంబంధం లేకుండా పాడేవారు. బురద కొట్టుకుపోయిన మా జెర్సీలను ఆయనా, ఆయన భార్య సెల్మా గారూ ఇంటి వెనక తొట్టెలో ఉతికి ఆరేసేవారు. ఆ ఇంటి మీదుగా వెళ్ళేవాళ్ళకు మా జట్టు ఎంతమందో తీగ మీదే లెక్క తెలిసిపోయేది.

కోలగా ఉండే బంతిని పొట్టకు అదుముకుని, అడ్డొచ్చినవాళ్ళను గుద్దుకుంటూ అవతలి గీత దాటించాలి. అదీ మా ఆట. పెద్ద కాలేజీల్లో ఒకడు అలిసిపోతే ఇంకొకడు సిద్ధంగా ఉంటాడు. మాకు ఆ భాగ్యం లేదు. దూసుకెళ్ళేదీ మేమే, అడ్డుకునేదీ మేమే. నాలుగేళ్ళుగా ఓడుతూనే ఉన్నాం. యాభైమూడు ఆగస్టులో కాలేజీ బోర్డు పెద్ద, కలప అడితి యజమాని లిండ్‌హోమ్ గారు మైదానానికి వచ్చి, మా అందరి ముందే చెప్పేశాడు.

"చూడు స్కోగెన్, ఇంక మావల్ల కాదయ్యా. ఈ ఏడాది కప్పు తెచ్చావా, సరే. తేలేదా, ఆట ఎత్తేస్తాం. నువ్వు కూడా ఇంకో ఊరు చూసుకో."

"అలాగే సార్," అన్నారు స్కోగెన్ గారు. ఆయన ఎదురు చెప్పకపోవడం చూసి మాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

ఆ ఏడాది ఏం పూనిందో గానీ వరసగా గెలిచాం. దానికి ముఖ్య కారణం ఈనార్ స్ట్రాండ్. రైతు బిడ్డ, దుక్కలాంటి మనిషి. బంతి వాడి చేతికిచ్చి పక్కకు తప్పుకుంటే చాలు, మిగతాది వాడు చూసుకునేవాడు. నవంబరు వచ్చేసరికి ఒక్క మ్యాచే మిగిలింది. ఎల్డన్ కాలేజీతో, నెల మొదటి శనివారం, మా మైదానంలోనే. అది గెలిస్తే కప్పు మాది.

ఆ వారం మొదట్లోనే ఈనార్ ప్రాక్టీసుకు రావడం మానేశాడు. బుధవారం వచ్చాడు, పొలం బట్టల్లోనే. "నేను శనివారం ఆడలేను కోచ్. నాన్న బండి మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మొన్నటి గాలికి మొక్కజొన్నంతా నేలకి పడిపోయింది. పడిన పంటను మెషీను ఎత్తదు. చేత్తోనే విరవాలి. శనివారం రాత్రి మంచు పడుతుందని రేడియోలో చెప్పారు."

"ఒరేయ్, కప్పు కన్నా మొక్కజొన్న ఎక్కువట్రా నీకు?" అని అరిచాడు డెల్బర్ట్. వాడు పళ్ళ డాక్టరు గారి అబ్బాయి.

"మీ నాన్న జనం పళ్ళు ఎప్పుడైనా పీకొచ్చు. మా నాన్నకి పంట ఏడాదికి ఒక్కసారే," అన్నాడు ఈనార్.

మర్నాడు స్కోగెన్ గారు ప్రాక్టీసుకు ఒక సంచి మోసుకొచ్చి మా ముందు గుమ్మరించారు. తోలుపట్టీతో చేతికి కట్టుకునే ఇనప కొక్కేలు. పొత్తు మీది ఆకు చీల్చడానికి మా తాతలు వాడినవి. ఊరంతా తిరిగి అటకల మీంచి దింపించారట. "రేపు ప్రాక్టీసు లేదు. పాత ప్యాంట్లు వేసుకుని పొద్దున్నే ట్రక్కెక్కండి," అన్నారు.

శుక్రవారం మేం వెళ్ళేసరికి ఈనార్ వాళ్ళ నాన్న నెల్స్ చేతికి కట్టుతో వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అవమానంతో మొహం కందగడ్డలా ఉంది.

"నేను ఎవర్నీ రమ్మనలేదు," అన్నాడు.

"రమ్మనలేదులే. కాళ్ళు తియ్యి నెల్స్, బండి వెళ్ళాలి," అన్నారు స్కోగెన్ గారు.

పొలంలో దిగాక తెలిసింది స్కోగెన్ గారు రైతు కొడుకని. వంగడం, పొత్తు పట్టడం, కొక్కెంతో చీల్చడం, విరిచి, బండి అంచు చెక్కకు తగిలి లోపల పడేలా విసరడం, అంతా ఒకే కదలిక. నేనూ రైతు బిడ్డనే గానీ మెషీన్లు వచ్చాక పుట్టిన చేతులు నావి. డెల్బర్ట్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

"కోచ్! ఈ పొత్తు నన్ను కొరుకుతోంది!"

"నువ్వు దాన్ని పట్టుకున్న తీరుకి నేనైనా కొరుకుతాను. కింద పట్టుకోరా."

మధ్యాహ్నం ఈనార్ వాళ్ళమ్మ వేయించిన మాంసం, బంగాళాదుంపలు, ఆపిల్ పై అనే తీపి రొట్టె, కాఫీ పెట్టింది. వడ్డించడానికి వచ్చిన సెల్మా గారు మా చేతులు చూసి గరిటె కింద పెట్టేశారు. "ఆర్విడ్, వీళ్ళ చేతులు చూశావా? రేపు బంతి పట్టాల్సిన చేతులివి!"

ఆయన మా చేతులు చూశారు. వేళ్ళు వాచాయి, అరచేతులు చీలాయి, మణికట్లు తిరగడం లేదు. తర్వాత పొలం వైపు చూశారు. సగం ఇంకా నేల మీదే ఉంది.

"ఇంకో రెండు సాళ్ళు తీసి వెళ్ళిపోదాం," అన్నారు.

కోచ్ అన్నవాడెవడైనా అక్కడితో ఆపి మమ్మల్ని ట్రక్కెక్కించేవాడు. కానీ ఆ పొలంలో ఉన్నది కోచ్ కాదు, రైతు కొడుకు. మంచు ముంచుకొస్తుంటే సగం పంట వదిలేసి వెనక్కి తిరగడం ఆయనకు చేతకాలేదు. రెండు సాళ్ళు నాలుగయ్యాయి. పొద్దు గుంకేవేళకు పొలం ఖాళీ అయింది. మేం కూడా ఆపమని అడగలేదు. అడగబుద్ధి కాలేదు.

శనివారం సంగతి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. బంతి మా చేతుల్లో నిలవలేదు. నాకు అందిన బంతే రెండుసార్లు జారింది. అయినా పళ్ళు బిగించి చివరిదాకా పోరాడి, ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. ఆఖరి నిమిషంలో ఎల్డన్ వాళ్ళ గీత దగ్గరకు చేరాం. బంతి ఈనార్‌కిచ్చాం. వాడు ముగ్గుర్ని గుద్దుకుంటూ వెళ్ళాడు. గీత ఇంకో అంగలో ఉండగా బంతి వాడి చేతుల్లోంచి జారిపోయింది. ఎల్డన్ కుర్రాడొకడు దాని మీద పడి పడుకున్నాడు. ఆట అయిపోయింది.

బట్టలు మార్చుకునే గదిలో ఈనార్ గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు. "నావల్లే పోయింది కోచ్. మీ ఉద్యోగం కూడా నావల్లే..."

స్కోగెన్ గారు వాడి ముందు గొంతుక్కూర్చున్నారు. "పంట గాదెలో పడిందా?"

"పడింది."

"రాత్రి మీ నాన్న పడుకున్నాడా?"

"గురక కూడా పెట్టాడు."

"అయితే లేచి మొహం కడుక్కో."

ఆ రాత్రి రేడియో చెప్పినట్టే మంచు పడింది. సోమవారం బోర్డు కూర్చుంది. ఎవరూ పిలవకపోయినా మేమంతా వెళ్ళి వసారాలో నిలబడ్డాం. లోపలి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"చేతులు పాడైపోతాయని నీకు తెలీదా?" లిండ్‌హోమ్ గారి గొంతు.

"మధ్యాహ్నానికే తెలిసింది సార్."

"తెలిసీ ఎందుకు ఆపలేదు?"

"సగం పంట ఇంకా నేల మీదే ఉంది సార్. కోచ్‌గా తప్పే. ఈ తప్పు నాది, కుర్రాళ్ళది కాదు. వెళ్ళమంటే వెళ్తాను. ఆట మాత్రం వాళ్ళకి ఉంచండి."

ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళంతా పొలాల్లోంచి వచ్చినవాళ్ళే. తలుపు తెరుచుకుని లిండ్‌హోమ్ గారు వసారాలోకి వచ్చాడు.

"చేతులు చూపించండ్రా," అన్నాడు.

చాపాం. ఒక్కొక్కడి దగ్గరా ఆగి, కళ్ళజోడు సర్దుకుని చూశాడు. డెల్బర్ట్ చేతులు అన్నిటికన్నా ఘోరంగా ఉన్నాయి. వాటిని తిప్పి మరీ చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి గుమ్మంలోంచే అన్నాడు.

"స్కోగెన్! వచ్చే ఏడాది పంట విరిచే వేళ, నవంబరు మొదటి వారంలో మ్యాచ్ పెట్టుకున్నావంటే మాత్రం నిన్ను నిజంగానే పంపించేస్తాను."

"అలాగే సార్," అన్నారు ఆయన. నాలుగేళ్ళ ఓటములకు తడవని కళ్ళు అప్పుడు తడిశాయి, మేమంతా చూశాం.

రిటైరయ్యేదాకా మా కాలేజీకి ఆయనే కోచ్. కప్పు ఒక్కసారి కూడా రాలేదు. ఏటా నవంబరు మొదటి శనివారం మాత్రం, ఎవరి పొలంలో పంట మిగిలిపోయిందో కనుక్కుని, జట్టంతా ట్రక్కెక్కేది.