టీచరమ్మ తాగిన దొప్పెడు కల్లు

మా టీచరమ్మ పోయిందన్న కబురు నాకు పెద్దపల్లి బస్టాండులో తెలిసింది. మంథని బస్సు కోసం నిలబడి ఉంటే మా ఊరి కండక్టరు దిగి వచ్చి చెప్పాడు. పొద్దుగాల చాయ్ తాగి, కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందట. "శవపెట్టె లోపల పరిచే తెల్లబట్ట నువ్వే కుట్టాల్నట, జల్ది పో," అన్నాడు.

నేను దర్జీని. నా దుకాణానికి ఒక పక్క ఆమె ఇల్లు, ఇంకో పక్క తాటిచెట్ల వనం. ఏళ్ళ తరబడి ఒక చెవిలో ఆమె పిల్లలకు చెప్పే ఎక్కాలు, ఇంకో చెవిలో కల్లు మీద వాదాలు పడుతుండగానే నా మిషను నడిచింది. ఎక్కాల వల్ల నాకు లెక్కలొచ్చాయి. వాదాల వల్ల ఏమీ రాలేదు.

ఆ వాదాల సంగతి కొంత చెప్పక తప్పదు. పొలం నుంచి వచ్చి, ఆడైనా మగైనా ఇంత కల్లు తాగి, గుప్పెడు ఉడకబెట్టిన శనగ గుడాలు నమిలి ఇంటికి పోయేవాళ్ళతో నాకే పేచీ లేదు. నేనూ అట్లా తాగినవాణ్ణే. నేను చెప్పేది రసికుల గురించి. వీళ్ళు ఆకుదొప్పను ఎండకు ఎత్తి చూస్తారు, వాసన పీలుస్తారు, గుక్కెడు నోట్లో పోసుకుని దేవుడు పూనినట్టు కళ్ళు మూస్తారు. తెరిచాక "ఇది పడమటి గట్టు మీది తాటిచెట్టుది" అని తీర్పు చెబుతారు. తాటికల్లు గొప్పదనే జట్టుకు మాజీ సర్పంచ్ పెద్ద. ఈతకల్లు గొప్పదనే జట్టుకు ఎరువుల దుకాణం ఆయన పెద్ద. తాటి జట్టులో మళ్ళీ మగచెట్టు కల్లు మెచ్చే పోతుతాడు వాళ్ళు వేరు, కాయలు కాసే చెట్టు కల్లు మెచ్చే పండుతాడు వాళ్ళు వేరు. ఈత జట్టు ఇంట్లో పెళ్ళయితే తాటి జట్టు భోజనానికి పోలేదు. మాజీ సర్పంచ్‌కు ఒకసారి మందమర్రిలో బొగ్గుబావి ఆఫీసరెవరో బీరు తాగించాడు. ఆ బీరును ఆయన ఏడాది పొడుగునా తిట్టాడు. దానికి చెట్టు పేరే లేదట. ఎక్కడో పరాయి దేశంలో బీరు గురించి కూడా మనుషులు ఇట్లాగే కొట్టుకుంటారని, గుండీలు చుట్టి వచ్చిన పేపరు ముక్కలో ఒకసారి చదివాను. మా ఊరి వెర్రి మా ఒక్కరిదే కాదని కొంచెం ఊరట కలిగింది.

పేపరు ముక్కలు చదవడం నాకు నేర్పింది టీచరమ్మే. బడికి పోతూ నా గడప దగ్గర ఆగేది. తెలియని మాట చూపిస్తే గొడుగు దించకుండానే అర్థం చెప్పి కదిలేది. అర్థమైందా అని అడిగేది కాదు. మరునాడు అదే మాట నన్నే అడిగేది. ఆమెది క్రైస్తవుల మిషన్ బడి, వాళ్ళ సంఘంలో కల్లు ముట్టడం నిషేధం. అయినా తాగేవాళ్ళను ఆమె ఒక్క మాట అనలేదు. రసికులు కనబడితే మాత్రం మూతి బిగుసుకునేది. "తాగేటోడు తాగనీ. తాగి పాఠం చెప్పేటోన్ని చూస్తేనే నాకు ఒళ్ళు మండుతది," అనేది.

ఒక ఎండాకాలం కాంట్రాక్టరు ఒకాయన బస్ స్టేజీ దగ్గర కల్లు డిపో పెట్టాడు. నీళ్ళలో మత్తుమందు కలిపి సీసాల్లో అమ్మేవాడు, తాగినవాడు మొద్దులాగా పడిపోయేవాడు. మా వనంలోని చెట్ల మీద కూడా అతని కన్ను పడింది. సరిగ్గా అప్పుడే మాజీ సర్పంచ్ ఒకనాడు మా వనంలో పడి, ధోవతి సోయి లేకుండా పొద్దు తిరిగేదాకా నిద్రపోయాడు. లేచి, మా చెట్లు గీసే గౌడు కల్లులో మందు కలిపాడన్నాడు. ఆ పొద్దున ఆయన డిపోలో రెండు సీసాలు తాగి వచ్చిన సంగతి బస్సు దిగిన వాళ్ళందరూ చూశారు. అంత పెద్ద నాలుకను కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

తాటి జట్టు, ఈత జట్టు మొదటిసారి ఒక్కటయ్యాయి. నిన్న మెచ్చుకున్న లొట్టి కుండలోని కల్లునే మళ్ళీ రుచి చూశారు. ఒకాయనకు నాలుక చివర చేదు దొరికింది, ఇంకొకాయనకు నురుగులో తేడా కనిపించింది. గౌడు నడుముకు మోకు కట్టుకుని నిలబడే ఉన్నాడు. తన అవ్వ కూడా ఆ లొట్టిలదే తాగుతుందని అందరికీ చెప్పుకున్నాడు. ఎవరూ వినలేదు. రేపటి నుంచి అతని దగ్గర రోజూ కల్లు పోయించుకునే వాడిక ఇళ్ళన్నీ బంద్, చెట్లు కాంట్రాక్టరుకు అని తేల్చేశారు. చెట్లు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదని తెలియనివాళ్ళు ఎవరూ లేరక్కడ.

టీచరమ్మ గొడుగు వేసుకుని వచ్చింది. ఆడవాళ్ళు వెంట ఉన్నారు. అంతా విన్నాక నెమ్మదిగా అన్నది:

"మీరందరు రోజు తాగేటోళ్ళు. మీకు మందెక్కిందో, అలవాటెక్కిందో ఎట్ల తెలుస్తది? నేను బుద్ధెరిగినకాణ్ణుంచి ముట్టలే. మందుంటే అందరికన్న ముందు నేనే పడుత. దొప్పల కల్లు పొయ్యి, గౌడన్నా."

గౌడు దండం పెట్టాడు. "వద్దమ్మా. మీ సంఘపోళ్ళు ఊకుంటరా?"

"ఊకోరు. పొయ్యి."

దొప్ప పట్టుకోవడం కూడా ఆమెకు రాదు. సగం చీర మీద ఒలికింది. గౌడు మళ్ళీ నింపాడు, ఆముదం తాగుతున్నట్టు ముఖం పెట్టి మొత్తం తాగింది. తర్వాత నా దుకాణం బల్ల మీద కూర్చుని, ఊరికే కూర్చోబుద్ధి కాక, నా దగ్గరున్న చొక్కాలకు కాజాలు కుట్టింది. రసికులు ఎదురుగా కూర్చుని, కోడి ఎప్పుడు గుడ్డు పెడుతుందా అన్నట్టు ఆమెనే చూశారు. పొద్దు వాలింది. కుట్టు ఎక్కడా వంకర పోలేదు.

మాజీ సర్పంచ్ గొంతు సవరించుకున్నాడు. "కొందరికి మెల్లగ ఎక్కుతది."

ఆమె దారం కొరికి తల ఎత్తింది. "అట్లనా, సర్పంచ్ సాబ్? మీకు బస్ స్టేజీ కాణ్ణే ఎక్కెనట గద."

మొదట ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. చెట్లు గౌడుకే ఉండిపోయాయి. ఎరువుల దుకాణం ఆయన మాత్రం సిగ్గు లేకుండా, రుచి ఎట్లుందని అడిగాడు. "పులిసిన గంజి," అన్నది. "గీ దానికోసమా మీరు పంచాదులు పెట్టుకునేది?"

సంఘం ఊరుకోలేదు. వాళ్ళ ప్రార్థన గుడి కిటికీలకు పరదాలు కుట్టింది నేనే కాబట్టి లోపలి సంగతులు నాకు తెలుస్తాయి. పెద్దలు కమిటీ వేసి, అందరి ముందర తప్పు ఒప్పుకోమన్నారట. తాగిన మాట నిజమని, తప్పన్న మాట మాత్రం తన నోట రాదని చెప్పిందట. ఆ పెద్దల్లో ఇద్దరు వెనక తొవ్వన మా వనానికి వచ్చేవాళ్ళు. వాళ్ళ చొక్కాలు సవరించింది నేను, ఆ మరకలు ఏమిటో నాకు తెలుసు. వాళ్ళే ఆమెను సండే స్కూలు నుంచి తీసేసి, చివరి బల్ల మీద కూర్చోమన్నారు. పిల్లలకు పాటలు నేర్పడమే ఆమెకు ఆదివారం. అది పోయింది. ఆమె నా దగ్గర ఆ మాట ఎత్తలేదు. ఆదివారాలు మాత్రం నా గడప దగ్గర ఆగకుండా పోయేది.

అయితే పిల్లల పాటకు తాళం ఆమె చేతిలోనే ఉండేది. పాట మొదలుకాగానే ఒక్కొక్కరే వెనక్కి మెడ తిప్పేవారు. చివరి బల్ల మీద, ఒళ్ళో పెట్టుకున్న పుస్తకం అంచున ఆమె వేలు మెల్లగా ఆడేది. పాస్టరు గారు ముందట నిలబడి వెనక్కి తిరిగిన పిల్లల నెత్తులకే పాడుకునేవారు. చివరిదాకా అట్లాగే సాగింది.

మొన్న నేను బట్ట కుట్టిన పెట్టెను గుడిలో అందరికన్నా ముందు పెట్టారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. పాట అందుకున్నారు. ఆ పిల్లలే ఇప్పుడు పిల్లల తల్లులు, తండ్రులు. పెట్టె ఎదురుగా ఉన్నా, రెండో చరణం దగ్గర గొంతులు కలవక, ఒక్కొక్కరే మెడ తిప్పి ఖాళీగా ఉన్న చివరి బల్ల వైపు చూశారు.