ముప్పై సెకన్ల మాస్టారు

మా లక్ష్మీనరసింహారావు మాస్టారు నూజివీడులో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై ఆరేళ్ళుగా చక్రాలు ఆపుతున్నారు. బోర్డు మీద. స్విచ్ కట్టేసిన ఫ్యాను ఎన్ని చుట్లు తిరిగి, ఎన్ని సెకన్లకి ఆగుతుందనే లెక్కల్లో తనను మించినవాడు జిల్లాలో లేడని ఆయనే చెబుతారు. కోణీయ త్వరణం స్థిరం అని ముందు రాయకపోతే సున్నా వేసేవారు. నాకు అలాంటివి చాలా వచ్చాయి. అందుకే ఎలక్ట్రీషియన్నయ్యాను.

పోయిన మే నెలలో ఆగిరిపల్లి దారిలో ఉన్న మామిడి గుజ్జు యూనిట్‌కి ఓనరు భాస్కరరావుగారు ఆయన్ని పిలిపించారు. గుజ్జు తీసే డ్రమ్ములో తిరిగే రెక్కలకి పీచు అడ్డుపడినప్పుడల్లా కరెంటు ఆపి, పక్కనున్న చిన్న కిటికీలో చెయ్యి పెట్టి లాగెయ్యాలి. ఆ పని రమణమ్మది. రెక్కలతోపాటే తిరిగే బయటి చక్రానికి కట్టిన గుడ్డపేలిక కదలడం మానేదాకా ఆమె చెయ్యి పెట్టదు. ఆ వంకతో ఆడవాళ్ళు కాసేపు నడుం వాలుస్తున్నారని ఓనరుగారి అనుమానం. సరిగ్గా ఎన్ని సెకన్లు ఆగాలో తేల్చమన్నారు.

మాస్టారు పని లేని రోజు చూసి ఆదివారం వచ్చారు. వాచీ చూస్తే సరిపోయేది, కానీ దాన్ని లెక్క అనరు. డ్రమ్ము తిప్పించి, కరెంటు ఆపించి, చక్రం చుట్లు లెక్కపెట్టారు. ముప్పై. మొదట్లో సెకనుకి రెండు చుట్లు, చివర సున్నా, సగటున ఒకటి. కాబట్టి ముప్పై సెకన్లు. చక్రాన్ని ఇక చూడనక్కర్లేదు గనక భద్రత పేరు చెప్పి దానికి రేకు బిగించారు. ముప్పయ్యో సెకనుకి మోగే బెల్లు పెట్టింది నేనే. మోగాక కూడా చెయ్యి పెట్టనివాళ్ళు మర్నాటి నుంచి రావద్దన్నారు ఓనరుగారు.

సోమవారం పొద్దున్నే ఆడవాళ్ళు ఎప్పటిలాగే వేడినీళ్ళతో ఇరుసు కడిగి నూనె వేశారు. శనివారం కారిన రసం ఎండిపోయి ఆదివారమంతా ఇరుసుని జిగురులా పట్టుకుందని మాస్టారికి ఎవరూ చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. త్వరణం స్థిరమే, పాపం. కాకపోతే ఆదివారానిది ఒకటి, సోమవారానిది ఇంకొకటి.

బెల్లు మోగింది. రమణమ్మ చెయ్యి లోపల పెట్టకుండా డ్రమ్ము మీద ఆనించి, ఇంకా అదురుతోందంది. ఓనరుగారు గుర్రుమన్నారు. అదరడం వేరు, తిరగడం వేరని మాస్టారు పాఠం ఎత్తుకున్నారు.

"అయితే ఈసారి మీరు పెట్టండి మాస్టారూ," అంది రమణమ్మ.

మళ్ళీ తిప్పి ఆపారు. మాస్టారు చొక్కా చెయ్యి మడిచి కిటికీ దగ్గర నిలబడ్డారు. బెల్లు మోగింది. ఆయన చెయ్యి కిటికీ దాకా వెళ్ళి ఆగిపోయింది. వేళ్ళు ముడుచుకున్నారు. లోపల రెక్క కిటికీ ముందు నుంచి ఒకసారి పోయింది. మరోసారి పోయింది.

"నా చేతికైతే ముప్పై చాలాండీ?" అని అడిగింది రమణమ్మ.

మాస్టారు మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నారు. నాకు సిగ్గేసింది. బెల్లు బిగించేటప్పుడు నేనూ ఆమె చెయ్యి గురించి ఆలోచించలేదు.