పాలు పిండిన చేతికీ పుణ్యం

సల్మెకు బహుమతి వచ్చింది ఆమె రాయని ఏడు పేజీలకు.

కుర్గ్‌సో ఊరి సమష్టి క్షేత్రంలో పాలు తూచే ఉద్యోగం ఆమెది. ఆరేళ్ల పాటు పొద్దు పొడవకముందే లేచి, వంటింటి బల్ల మీద ఒక నవల రాసింది. 1963లో అది అచ్చయి వచ్చింది. తిరగేస్తే చివరి అధ్యాయం లేదు. నలభై ఒక్క పేజీలు కోసేసి, వాటి చోట రాజధాని టాలిన్‌లోని సంపాదకుడు తన ఏడు పేజీలు అతికించాడు. వాటిలో ఒక ఆవు బిందెలకు బిందెలు పాలిస్తుంది, పితికినామెకు పతకం వస్తుంది, బ్యాండు మోగుతుంది. జిల్లాలో సభ పెట్టి ఆ ఏడు పేజీలే పైకి చదివారు. ప్రశంసాపత్రమూ గోడ గడియారమూ ఇచ్చారు. సల్మె తల వంచుకుని పుచ్చుకుంది. గడియారాన్ని ఇంటికి మాత్రం తీసుకెళ్లలేదు, పాలకేంద్రం గోడకు కొట్టించింది. ఆమె చేసిన తిరుగుబాటు అంతే.

కోసేసిన పేజీల్లో ఏముందో ఊళ్లో అందరికీ తెలుసు. 1949 మార్చిలో సర్కారు సైనికులు వచ్చి సల్మె అక్క ఎర్నాను సైబీరియా రైలెక్కించారు. ఆమె చేసిన నేరం ఇద్దరు పాలేర్లను పెట్టుకుని సేద్యం చెయ్యడం. ఖాళీ ఇంటి వెనక కొట్టంలో ఆవు రెండు రోజులు అరిచింది. పక్కింటి అదేలె ఉండబట్టలేక వెళ్లి పాలు పిండింది. ఆ తర్వాత తోలుకొచ్చి తన కొట్టంలో కట్టేసుకుంది. ఎనిమిదేళ్లకు ఎర్నా బతికి తిరిగొచ్చింది. వచ్చిన మొదటి శనివారం అదేలె పెరట్లోని ఆవిరి స్నానాల గది, తన పొగ సౌనా కాచి, స్నానానికి రమ్మని కబురంపింది.

సౌనాకు పిలిస్తే కాదనకూడదు. లోపల తగువాడకూడదు, గొంతు పెంచకూడదు. మసిపట్టిన ఆ నల్ల గోడల మధ్య అదేలె అలుపు పోయేలా భూర్జ రెమ్మల కట్టతో ఎర్నా వీపు తట్టింది. ఆవు మాట ఎవరూ ఎత్తలేదు. పక్క బల్ల మీద సల్మె కూర్చుని ఉంది. స్నానమయ్యాక ఎప్పటి నుంచో వస్తున్న ఆనవాయితీ ప్రకారం ఎర్నా దీవెనలు పలికింది. "నీళ్లు మోసిన చేతికి పుణ్యం. పొయ్యి రాజేసిన చేతికి పుణ్యం. రెమ్మలు కట్టిన చేతికి పుణ్యం." గడప దగ్గర ఆగి, ఎవరూ ఎన్నడూ అనని ఒక మాట చేర్చింది. "నా ఆవు పాలు పిండిన చేతికీ పుణ్యం."

సల్మె నవలకు అదే ఆఖరి వాక్యం. సంపాదకుడి కత్తెర మొదట పడింది దాని మీదే. జనాన్ని రైళ్లెక్కించారని అచ్చులో ఒప్పుకునే రోజులు కావవి. మరుసటేడు జిల్లా నుంచి ఎవరో వచ్చి రాతప్రతి గురించి ఆరా తీశారని తెలియగానే సల్మె దాన్ని పొయ్యిలో పెట్టింది. ఆ వారం ఆ ఇంట్లో రై రొట్టె కాలింది ఆ మంట మీదే.

అధ్యాయం మాత్రం చావలేదు. శనివారం ఆవిరిలో ఆడవాళ్లు ఊరుకుంటారా!

"ఏమే సల్మె, నీ పుస్తకంలో బ్యాండు మేళానికి పాలిచ్చే ఆవు ఎవరిదే? మా దానికి చెవిలో కొమ్ము ఊదినా చుక్క దిగదు!"

"పతకం మెడలో వేసుకునే పితికిందా, తీసి కొక్కేనికి తగిలించిందా?"

నవ్వులు అయ్యాక ఎవరో ఒకరు గొంతు తగ్గించి అడిగేవారు. "అసలుది చెప్పవే."

సల్మె చెప్పేది, వారానికి కొంచెం చొప్పున. సౌనాలోకి కాగితం రాదు, జేబు రాదు. ఒంటి మీద నూలుపోగు లేనిచోట సాక్ష్యం ఎవడు పట్టుకుంటాడు? కింది బల్ల మీద ముంత పట్టుకుని అదేలె వినేది. సౌనా ఆమెదే, లేచిపోవడానికి చోటేదీ? ఒక్కనాడూ ఆపమనలేదు. ఎర్నా ఆఖరి మాట వచ్చేసరికి ముంతెడు నీళ్లు కాలిన రాళ్ల మీద పోసేది. ఆవిరి లేచి ఆమె ముఖాన్ని కప్పేది.

ఎర్నా పోయింది. పాతికేళ్లు గడిచాయి. 1989లో టాలిన్ నుంచి ఉత్తరం వచ్చింది: కాలం మారింది, అసలు అధ్యాయం పంపండి, అచ్చేస్తాం. సల్మె వేసవంతా కూర్చుని మళ్లీ రాసింది. ఆగస్టులో ఒక శనివారం, స్నానాలయ్యాక సౌనా ముందు గదిలో చదివి వినిపించింది. అందరూ కళ్లొత్తుకున్నారు. డెబ్బై ఒక్కేళ్ల అదేలె మాత్రం తువ్వాలు బిగించి కూర్చుంది.

"చివరి మాట ఏదే?"

"ఏ మాట అక్కా?"

"నాటకాలాడకు. మూడు పుణ్యాలే చదివావు. నాలుగోది ఏం చేశావు?"

సల్మె కాగితాలు సర్దుతూ నసిగింది. "అది లేకపోయినా కథకు లోటు లేదులే అక్కా. దేశమంతా చదివే పుస్తకం. నీకు మనవలున్నారు…"

"ఆ సంపాదకుడు భయంతో కోశాడు. నువ్వు జాలితో కోస్తున్నావు. కత్తెర అదేగా!"

అదేలె కోడలు మారె మెల్లగా అంది. "పోనీ అత్తా, పేరైనా ఇంకోటి పెట్టమందామా?"

"పేరు ఎప్పుడో మార్చింది. అయినా ఊరందరికీ తెలుసు, ఆవుకీ తెలుసు." అదేలె సల్మె వైపు తిరిగింది. "పొదుగు పగిలిపోతుందని పిండాను, నిజం. తర్వాత తోలుకెళ్లి కట్టేసుకున్నాను, అదీ నిజం. ఎనిమిదేళ్లు దాని వెన్న తిన్నాను. మీ అక్క నన్ను క్షమించిందో, చెంప పగలగొట్టిందో ఈనాటికీ తెలీదు. కానీ ఆ మాట నాతో అంది. అది నాది. తీసేయడానికి నువ్వెవరివే?"

సల్మె కాగితాలు మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

"పెన్సిలు తియ్. మొదట్నుంచి చెప్తాను, రాయి."

అదేలె చెప్పింది, సల్మె రాసింది. పాతికేళ్లుగా శనివారం శనివారం విన్న అధ్యాయం, ఒక్క మాట పొల్లుపోకుండా. సల్మె మరిచిపోయిన రెండు పేజీలు కూడా అందులోంచే బయటపడ్డాయి.

మరుసటేడు పుస్తకం నాలుగు పుణ్యాలతో వచ్చింది. ఈసారి సల్మెకు గడియారం ఎవరూ ఇవ్వలేదు. మొదటి ప్రతి మాత్రం అదేలె ఇంట్లో, రొట్టె దాచే అలమరలో ఉంది.

కోసేసిన పేజీలు లేని ఊరు ఉండదు. మీ ఊళ్లో పోయిన భూములు, ఖాళీ చేయించిన ఇళ్లు, ఎవరో ఎక్కించిన బళ్లు ఏ పుస్తకంలో ఉన్నాయి? అవి ముసలివాళ్ల నోళ్లలో ఉన్నాయి, వాళ్లతో పాటే పోతున్నాయి. ఈ వారమే ఒక నోటుపుస్తకం తీసుకుని వాళ్ల దగ్గర కూర్చోండి. బాధపడినవాళ్లనే కాదు, సిగ్గుపడేవాళ్లను కూడా అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి. మర్యాద కోసం ఒక్క మాట కూడా కొట్టేయకండి.