నిమిషమక్క లెక్క

మా వార్డు హెడ్ నర్సుకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, జీతం కాగితం మీద తప్ప దాన్నెవరూ వాడరు. అందరికీ ఆవిడ నిమిషమక్క. రోగి ఊపిరి లెక్కపెట్టాలంటే నిండా ఒక నిమిషం నిలబడాల్సిందేనంటుంది. నాకేమో పూటకి ముప్పై మంచాలు. ఎక్కడ కుదురుతుంది చెప్పండి? అందుకని నర్సులమంతా కూడబలుక్కున్నట్టు ప్రతివాడికీ 'ఇరవై' అని రాసేసేవాళ్లం. "చచ్చినవాడికి కూడా ఇరవయ్యే రాస్తారే మీరు" అని పకపకా నవ్వేది. నవ్వుతూనే చురక వేయడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. నాకు ఒళ్లు మండేది.

ఆ పట్టుదల చిన్నప్పటిది. తమ్ముడికి ఉబ్బసం. పక్కన కూర్చుని వాడి ఊపిరి లెక్కపెట్టడం, నలభై దాటితే అమ్మ పనిచేసే చోటికి పరిగెత్తడం ఆవిడ వంతు. ఆ తమ్ముడిప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, దుక్కలా ఉన్నాడు.

ఆ ఏడు ఫ్లూ జ్వరాలు విరుచుకుపడ్డాయి. ఎవరికి ఊపిరాడక ప్రాణం మీదికొస్తుందో ముందే పసిగట్టడానికి ఒక కాగితం పెట్టారు. నాడి, ఆక్సిజన్, జ్వరం, ఊపిరి, అన్నిటికీ మార్కులు. ఐదు వస్తే రోగిని పక్క గదికి మార్చి కనిపెట్టుకుని ఉండాలి. ఊపిరి ఇరవై ఉంటే సున్నా, ఇరవై ఐదు దాటితే మూడు.

ఏడో మంచం మీద ఒక బస్సు కండక్టరు. చేరి మూడు రోజులు, వార్డంతటినీ నవ్వించేవాడు. ఆ ఉదయం జ్వరం లేదు, ఆక్సిజన్ తొంభై నాలుగు, ఊపిరి నేను రాసిన ఇరవై. మొత్తం రెండు మార్కులు. చిన్న డాక్టరు ఇంటికి పంపే కాగితం మీద సంతకం పెట్టబోతున్నాడు.

నిమిషమక్క నాడి చూస్తున్నట్టు కండక్టరు మణికట్టు పట్టుకుంది. లెక్కపెడుతున్నారని తెలిస్తే ఊపిరి మారిపోతుందని ఆవిడ ఆడే నాటకమది. చూపు మాత్రం ఛాతీ మీదే.

"ఏం కండక్టరు గారూ, ఇవాళ జోకుల్లేవా?"

"ఉందక్కా. ఒకాయన... బస్సెక్కి... చిల్లర..."

"మధ్యలో స్టాపులెక్కువయ్యాయే" అంది. ఈసారి నవ్వలేదు.

నిమిషం అయింది. "ముప్పై రెండు, డాక్టరు బాబూ."

"పొద్దున ఇరవై అని ఉందిగా అక్కా?"

"నా మాట నమ్మొద్దు. మీరే చూడండి."

డాక్టరుకి ముప్పై మూడు వచ్చింది. మార్కులు ఐదయ్యాయి. సంతకం పెట్టబోయిన కాగితం చింపేశాడు.

పక్క గదికి మార్చి గంట తిరక్కుండానే ఆక్సిజన్ ఎనభై ఐదుకి పడిపోయింది. డాక్టరు అక్కడే ఉన్నాడు, యంత్రం సిద్ధంగా ఉంది. వెంటనే ముక్కుకి గొట్టాలు పెట్టి జోరుగా ఆక్సిజన్ ఇచ్చారు. అదే ఇంటికెళ్లే దారిలో అయ్యుంటే?

రెండు రోజులకి గండం గడిచింది. మూడో రోజు కండక్టరు ముక్కున గొట్టంతోనే ఆ చిల్లర జోకు పూర్తిచేశాడు. పరమ చెత్త జోకు. అయినా ఎంత సంతోషమేసిందో, కడుపుబ్బా నవ్వాను. నిమిషమక్కయితే మంచం పట్టుకుని మరీ నవ్వింది.

పంపించే రోజు అతని భార్య నా చేతులు రెండూ పట్టుకుంది. "మీ కడుపు చల్లగుండాలి సిస్టర్. ముందే కనిపెట్టారు."

పక్కనే నిమిషమక్క మంచం మీది దుప్పటి మడతపెడుతోంది. నేనే తట్టుకోలేకపోయాను.

"కనిపెట్టింది అక్కండీ. ఆ రోజు లెక్కపెట్టకుండా ఇరవై రాసింది నేను."

ఆమె నా చేతులు వదల్లేదు.

"ఇవాళ లెక్కపెట్టారా?"

"పెట్టాను. రెండుసార్లు. పద్దెనిమిది."

"అయితే ఇంటికి తీసుకెళ్తాను" అంది.